వాన ఒక్కటే ఊరు ఖాళీ చేయించదు

వాతావరణ మార్పు మీద యూనివర్సిటీల్లో జరిగే పబ్లిక్ లెక్చర్లు విన్నవాళ్లకి ఒక మ్యాప్ గుర్తుండే ఉంటుంది. ఆఫ్రికా నుంచి, దక్షిణాసియా నుంచి లావుపాటి ఎర్ర బాణాలు యూరప్ వైపు, అమెరికా వైపు పోతుంటాయి. పక్కన ఒక అంకె: 2050 నాటికి 20 కోట్ల మంది. ప్రసంగం అయ్యాక సభలోంచి వచ్చే ప్రశ్న కూడా తరచూ ఒకటే. "ఇంతమంది వచ్చిపడితే ఎలా?" సముద్రమట్టం గురించి, రుతుపవనాల గురించి గంటసేపు చెప్పిందంతా ఆ ప్రశ్నతో పక్కకి పోతుంది. అప్పటిదాకా వేడెక్కుతున్న భూమి గురించి కంగారుపడిన జనం, ఆ క్షణం నుంచి మనుషుల గురించి కంగారుపడతారు.

ఆ మ్యాప్ మూడు సంగతుల్ని ఒకే బాణంలో కలిపేస్తుంది. వాతావరణం మారుతుంది, దానివల్ల జనం కదులుతారు, కదిలిన జనాన్ని చూసి రాజకీయం మొదలవుతుంది అన్నట్టు ఉంటుంది వరస. ఈ వరసే తప్పని నా అభిప్రాయం. రాజకీయం చివర్లో వచ్చేది కాదు. వాన పడకపోవడానికీ, మనిషి బస్సెక్కడానికీ మధ్యలోనే అది ఉంది. ఎవరు వెళ్లాలి, ఎవరు వెళ్లలేక ఉండిపోవాలి, వెళ్లినవాళ్లని బాధితులనాలా, చొరబాటుదారులనాలా అన్నవి తేలేది అక్కడే.

ముందు ఆ 20 కోట్ల సంగతి చూద్దాం. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు బ్రిటిష్ పర్యావరణవేత్త నార్మన్ మైయర్స్. ముంపు, కరువు ముప్పున్న ప్రాంతాలు ఏవో చూసి, అక్కడ 2050 నాటికి ఎంత జనాభా ఉంటుందో అంచనా కట్టి వేసిన లెక్క అది. ముప్పున్న చోట ఉన్నవాళ్లంతా కదిలిపోతారన్న ఊహ అందులో ఉంది. వలసల మీద పనిచేసే పరిశోధకులు అప్పటినుంచీ ఈ ఊహనే తప్పుబడుతున్నారు. నిజ జీవితంలో అలా జరగదు. పంట ఎండిన ఊళ్లో ఒక కుటుంబంలో ఒకరు వెళ్తారు, ఇంకొకరు ఉంటారు. ఒక ఇల్లు తాళం పడుతుంది, పక్కింటివాళ్లు అప్పు చేసి మళ్లీ విత్తనం వేస్తారు.

ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన నివేదిక ఇంతకంటే జాగ్రత్తగా లెక్కకట్టింది. 2050 నాటికి ప్రపంచంలోని ఆరు ప్రాంతాల్లో కలిపి 21.6 కోట్ల మంది దాకా కదలొచ్చని చెప్పింది. అంకె పాతదానికి దగ్గరగానే ఉండటంతో చాలామంది రెండూ ఒకటే అనుకున్నారు. కానీ ఆ నివేదిక చెప్పింది సొంత దేశం లోపల కదిలేవాళ్ల గురించి. ఊరి నుంచి పట్నానికి, మెట్ట నుంచి ఆయకట్టుకి, తీరం నుంచి లోపలికి వెళ్లేవాళ్లు వీళ్లు. పైగా ఉద్గారాలు తగ్గించి, అభివృద్ధి అందరికీ అందేలా చూస్తే ఈ సంఖ్య 80 శాతం దాకా తగ్గొచ్చని కూడా అందులోనే ఉంది. 21.6 కోట్లు పేపర్లలో హెడ్‌లైన్ అయింది గానీ ఈ 80 శాతం సంగతి పెద్దగా ఎవరికీ తెలీదు. ఆ మ్యాప్‌లో బాణాలు సముద్రాలు దాటకుండా ఎక్కువగా జిల్లాల మధ్య తిరగాలి.

జిల్లాల మధ్య తిరిగే బాణం అంటే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది పాలమూరు. దేశంలో డ్యామ్ ఎక్కడ కట్టినా, కాలువ ఎక్కడ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు. నాగార్జునసాగర్‌కి మట్టి, రాళ్లు మోసినవాళ్లలో ఆ జిల్లా కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ వలసకి ఒక పద్ధతి ఉండేది. కాంట్రాక్టరు గుంపు మేస్త్రీకి డబ్బిస్తాడు. మేస్త్రీ ఊళ్లోనో తండాలోనో ఇరవై ముప్పై మందిని కూడేసి, ఒక్కో జంటకి ఇంతని అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు చేతికి రాకముందే ఖర్చయిపోయి ఉంటుంది. ఎండిన బోరు అప్పు, బిడ్డ పెళ్లి అప్పు, కిరాణా కొట్టు బాకీ దాన్ని తినేస్తాయి. ఇక తొమ్మిది పది నెలలు చెప్పిన చోట పనిచేయాలి. తిండి ఖర్చు, జబ్బుపడి పనికి రాని రోజులు అన్నీ మేస్త్రీ పుస్తకంలోకి ఎక్కుతాయి. చివర్లో లెక్క చూస్తే ఇంకా బాకీ ఉందని తేలితే, మరుసటి ఏడు కూడా అదే గుంపు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు మిగిలేవారు. బడి మానేసిన పిల్లలు తల్లిదండ్రుల వెంటే పని దగ్గర గుడిసెల్లో పెరిగేవారు.

ఎందుకు వెళ్తున్నారని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు "కరువు" అనే. అది అబద్ధం కాదు. అక్కడ వాన తక్కువ, నమ్మకం లేనిది. కానీ అదే ఉమ్మడి జిల్లా అంచున కృష్ణ పారుతుంది. తెలంగాణలోకి కృష్ణ అడుగుపెట్టేదే అక్కడ. దక్షిణపు అంచున తుంగభద్ర ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కోసం కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగాయి, ఆ నీళ్లు మాత్రం మునిగినవాళ్ల పక్క ఊళ్లకి రాలేదు. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల పూర్తవడానికి పదిహేనేళ్ల వరకు పట్టింది. నది పక్కనే ఉండి కరువు రావడం వాన చేసిన పని కాదు. ఏ ప్రాజెక్టు ముందు, ఏ ప్రాంతం తర్వాత, డబ్బు ఎక్కడ పెట్టాలి అని మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాల ఫలితం అది.

దీనికి రుజువు ఆ తర్వాత దొరికింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాలతో గత పదిహేనేళ్లలో కొన్ని మండలాలకి నీళ్లొచ్చాయి. అక్కడ వరి సాగు పెరిగింది. నాట్లు వేయడానికి, పత్తి ఏరడానికి కర్నూలు, రాయచూరు వైపు నుంచి కూలీలు రావడం మొదలైంది. వాన పెరగలేదు, ఎండ తగ్గలేదు. అయినా బాణం తిరగబడింది. కాలువ చేరని ఊళ్ల నుంచి ఇప్పటికీ బొంబాయికి, పుణెకి, హైదరాబాద్‌కి జనం వెళ్తూనే ఉన్నారు.

ఇదంతా చెప్పడం వాతావరణ మార్పుని తక్కువ చేయడానికి కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. అందుకే వారాల తరబడి చినుకు లేకపోవడం, తర్వాత ఒక్క రాత్రిలో చెరువు తెగేంత వాన పడటం రెండూ పెరుగుతున్నాయి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ పెరుగుదల వేగం కూడా పుంజుకుంటోంది. ఒక పంట పోయినా తట్టుకోగల రైతుకి వరసగా మూడు పోతే ఏమవుతుంది? అప్పు పుట్టే దారి, బోరు, నీటి వాటా, గిట్టుబాటు ధర, రేషన్ కార్డు వంటి ఆసరాలు ఉన్నవాళ్లు తట్టుకుని నిలబడతారు. అవి ముందే లేనివాళ్లు రోడ్డు మీద పడతారు. వాతావరణం ఉన్న అసమానతనే పట్టుకుని ఇంకా లాగుతుంది.

కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇదే కథ సముద్రం వైపు నుంచి కనిపిస్తుంది. ఏటా తుఫాను రోజుల్లో కోతకి గురయ్యే బీచ్ రోడ్డు, గోడలు కూలిన మత్స్యకారుల ఇళ్లు టీవీల్లో చూస్తూనే ఉంటాం. సముద్రమట్టం పెరగడం ఇందులో ఒక కారణం. దానికంటే తక్కువ చర్చలోకి వచ్చిన కారణం ఇంకోటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో గోదావరి డెల్టా మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 1970లలో నది ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఎగువన కట్టిన డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోతోంది. తీరానికి కొత్త మట్టి చేరనప్పుడు సముద్రం ఉన్నదాన్నే తినేస్తుంది. ఎగువ ప్రాంతానికి నీళ్లిచ్చిన అదే డ్యామ్ దిగువన తీరాన్ని పలచబరుస్తుంది. ఒకరి వలస ఆపిన ప్రాజెక్టే ఇంకొకరి వలసకి కారణం కావచ్చు. దీన్ని "వాతావరణ మార్పు బాధితులు" అన్న ఒక్క లేబుల్ కింద పెట్టేస్తే, నది మీద తీసుకున్న నిర్ణయాలన్నీ తప్పించుకుంటాయి.

ఇల్లు పోయిన ఉప్పాడ మత్స్యకారులు దూరం పోరు. బోటు, వల, వేటకెళ్లే తోడు, సరుకు కొనే షావుకారు అందరూ అక్కడే ఉంటారు కాబట్టి వెనక వీధిలోకి, బంధువుల ఇంట్లోకి మారతారు. శ్రీకాకుళం తీరంలో మాత్రం చేప తగ్గి, చెప్పుకోదగ్గ హార్బర్ లేక, మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి పోయి అక్కడి బోట్ల మీద కూలికి వేటకెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. సొంత ఊరి రేవులో పని దొరక్కపోవడం వాళ్లని రెండు దేశాల గొడవ మధ్యలోకి తీసుకెళ్లింది.

ఇక లెక్కల్లో ఉన్న ఒక చిక్కు. విపత్తుల వల్ల ఇల్లు వదిలినవాళ్ల సంఖ్య ఏటా ప్రకటిస్తుంటారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా అది 3.26 కోట్లు. ఈ అంకె పెరిగితే పరిస్థితి దిగజారిందని అనుకుంటాం. కానీ 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు జనాన్ని ముందుగా తరలించే ఏర్పాటే లేదు. అధికారిక లెక్క ప్రకారమే పది వేల మందికి పైగా చనిపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే ముందు ఒడిశా ప్రభుత్వం దాదాపు పది లక్షల మందిని తరలించింది, మృతులు పదుల సంఖ్యలోనే ఉన్నారు. లెక్కల పుస్తకంలో ఆ పది లక్షల మందీ "నిరాశ్రయులు" కిందికే వస్తారు. అంటే ఒక ప్రభుత్వం బాగా పనిచేసిన రోజు కూడా ఆ అంకె పెరుగుతుంది. అందులో నాలుగు రోజులకి ఇంటికి తిరిగొచ్చినవాళ్లున్నారు, ఎప్పటికీ రానివాళ్లున్నారు. రెండూ ఒకటే ఎలా అవుతాయి?

మన జనాభా లెక్కల్లో ఇంకో లోపం ఉంది. 2011లో వలసకి కారణంగా ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక మారడం, కుటుంబంతో మారడం, ఇతరాలు అన్నవే ఇచ్చారు. బోరు ఎండి హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరినాయన "ఉద్యోగం" కిందికి వెళ్తాడు. ఆయన భార్య "కుటుంబంతో మారడం" కిందికి వెళ్తుంది. కరువు ఎక్కడా నమోదు కాదు. ఆరు నెలలు వెళ్లి ఆరు నెలలు ఊళ్లో ఉండేవాళ్లు సరిగ్గా ఏ లెక్కకీ అందరు.

అసలు కదల్లేనివాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. 2011లో బ్రిటన్ ప్రభుత్వం చేయించిన ఫోర్‌సైట్ అధ్యయనం దీన్ని గట్టిగా ముందుకు తెచ్చింది. వలస పోవడానికి డబ్బు కావాలి, తెలిసిన మనిషి కావాలి, ఒంట్లో ఓపిక కావాలి. వరసగా పంటలు పోయిన కుటుంబానికి ఇవి తరిగిపోతాయి. అప్పుడు ముప్పు పెరిగినకొద్దీ వలస పెరగదు, తగ్గొచ్చు కూడా. ఎర్ర బాణాలకి భయపడేవాళ్లు ఈ మాట వినాలి. అతి పేదవాడు యూరప్ దాకా రాడు, మండల కేంద్రం దాకా రావడానికే అతనికి ఛార్జీ ఉండదు.

సరిహద్దు దాటినవాళ్ల విషయంలో చట్టం ఏమంటుంది? 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం వల్ల వేధింపు భయం ఉన్నవాళ్లే శరణార్థులు. సముద్రం ఎవరినీ మతం చూసి వేధించదు. కాబట్టి ఆ ఒప్పందంలో "వాతావరణ శరణార్థి" అనే మనిషి లేడు. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకమే చేయలేదు.

ఈ గోడని తట్టి చూసిన మనిషి కిరిబాస్ దేశానికి చెందిన ఇయోవానె తెయితియోతా. పసిఫిక్ సముద్రంలో నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉండే దీవుల దేశం అది. వీసా గడువు దాటాక న్యూజిలాండ్‌లోనే ఉండిపోయి, ఆశ్రయం ఇమ్మని అడిగాడు. బావుల్లో ఉప్పునీరు చేరుతోందని, అలలు కట్టలు దాటుతున్నాయని, జాగా చాలక జనం కొట్టుకుంటున్నారని చెప్పాడు. ఆ దేశ రాజధాని ప్రాంతమైన దక్షిణ తరావాలో 1947లో 1,641 మంది ఉండేవాళ్లు, 2010కి 50,000 అయ్యారు. బయటి దీవుల్లో బతకలేక అందరూ అక్కడికే చేరారు. ట్రిబ్యునల్ ఆయన మాటల్ని నమ్మింది. నమ్మి కూడా శరణార్థి కాదంది. 2015లో వెనక్కి పంపేశారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ 2020 జనవరిలో వెల్లడించిన నిర్ణయంలోనూ ఆయన ఓడిపోయాడు. ఆ దీవులు బతకడానికి పనికిరాకుండా పోయేలోగా పది పదిహేనేళ్ల వ్యవధి ఉంది కాబట్టి కిరిబాస్ ప్రభుత్వం ఏదైనా చేయొచ్చు అన్నది కమిటీ లెక్క. అయితే వాతావరణ మార్పు ప్రాణాలకి ముప్పయ్యే స్థాయికి చేరితే, అక్కడికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రాన్ని ఆ నిర్ణయమే మొదటిసారి ఒప్పుకుంది. విభేదించిన సభ్యుల్లో ఒకరు, ఇది మునిగిపోతున్న మనిషిని మునిగే ఓడలోకే తోసి, అందులో మిగతా ప్రయాణికులు లేరా అన్నట్టుందని రాశారు.

ఆ తర్వాతి అడుగు ఒక తరగతి గదిలోంచి వచ్చింది. 2019లో పసిఫిక్ దీవుల దేశం వనువాటులోని యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ న్యాయ విద్యార్థులు 27 మంది, వాతావరణం విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగించాలని పూనుకున్నారు. వనువాటు ప్రభుత్వం ఆ పని నెత్తికెత్తుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది. 2025 జులై 23న హేగ్‌లో కోర్టు తన సలహా అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టపరమైన బాధ్యతే అంది. ప్రాణానికి నిజమైన ముప్పున్న చోటికి తిప్పి పంపకూడదన్న సూత్రాన్నీ ప్రస్తావించింది. ఒక దేశపు నేల మునిగినంత మాత్రాన ఆ దేశం లేకుండా పోయినట్టు కాదనీ చెప్పింది. సలహా అభిప్రాయానికి తీర్పంత బలం లేదు. అయినా యూనివర్సిటీ చదువు ఊరికి ఏం చేస్తుందని అడిగేవాళ్లకి నేను చూపించేది ఈ 27 మందినే.

అదే సముద్రంలోని ఇంకో దీవుల దేశం తువాలు వేరే దారి పట్టింది. ఆస్ట్రేలియాతో 2023లో ఒప్పందం చేసుకుంది. ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో స్థిరపడొచ్చు. దేశం మొత్తం జనాభా పదకొండు వేలకి అటూఇటూ. 2025లో మొదటి లాటరీ తెరిస్తే కుటుంబాలతో కలిపి సగానికి పైగా జనం పేర్లు నమోదు చేసుకున్నారు. అదే ఒప్పందంలో, తువాలు వేరే ఏ దేశంతోనైనా భద్రతా ఏర్పాట్లు చేసుకోవాలంటే ఆస్ట్రేలియా ఒప్పుకోవాలన్న షరతు ఉంది. చైనాని దూరంగా ఉంచడమే దాని ఉద్దేశమని అందరికీ తెలుసు. ఇల్లు మునిగే జనానికి చోటివ్వడం మంచిపనే, కానీ ఆ చోటుకి విదేశాంగ విధానంలో ధర చెల్లించాల్సి వచ్చింది.

మన దేశంలో వాతావరణం, వలస, రాజకీయం మూడూ పెనవేసుకుని మనుషుల్ని నలిపేసిన చోటు అస్సాం. 1950 నుంచి బ్రహ్మపుత్ర, దాని ఉపనదులు కోసేసిన భూమి 4 లక్షల హెక్టార్లకి పైనే అని రాష్ట్ర ప్రభుత్వ లెక్క. అక్కడ నది మధ్యలో చర్‌లు ఉంటాయి, మన గోదావరి లంకల్లాంటివే. ఒక వరదకి చర్ కరిగిపోతే జనం ఇంకో చర్‌కో, గౌహతికో పోయి రిక్షా తొక్కుతారు, ఇటుక బట్టీల్లో చేరతారు. చర్‌లలో ఎక్కువమంది బెంగాలీ మూలాలున్న ముస్లింలు. కొత్త జిల్లాలో ఊడిపడిన వీళ్లని చూసి "బంగ్లాదేశ్ నుంచి వచ్చారు" అనేస్తారు. కాదని నిరూపించుకోవాలంటే 1971 మార్చి 24కి ముందు తామో తమ పెద్దలో అక్కడ ఉన్నట్టు కాగితం చూపాలి. ఆ కాగితంలో ఉన్న ఊరు ఇప్పుడు నది అడుగున ఉంది. కాగితం కూడా ఎన్నో వరదలు దాటి మిగలాలి. 2019 ఆగస్టు 31న వచ్చిన పౌరుల జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేవు. అందరూ కోత బాధితులని అనలేం. కానీ నది ఇల్లు లాక్కున్న మనిషిని రాజకీయం విదేశీయుణ్ని చేయగలదని అస్సాం చూపించింది. అక్కడ ఎన్నికల సభల్లో చొరబాటు గురించి వినిపించినంతగా, నది కోత గురించి వినిపించదు.

సిరియా విషయంలో తిరగేసి జరిగింది. 2006 నుంచి 2010 దాకా వచ్చిన కరువే అంతర్యుద్ధానికి కారణమన్న మాట చాలా సభల్లో చెప్తారు. ఆ మాటని పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. భూగర్భజలాన్ని తోడేయడం, 2008లో డీజిల్ సబ్సిడీ కోసేయడంతో మోటార్లు ఆడించలేక రైతులు మునగడం, ఎదురు మాట్లాడినవాణ్ని జైల్లో పెట్టే పాలన అన్నీ ఉన్నాయి అక్కడ. నిందంతా కరువు మీదికి పోతే నియంతకి అంతకంటే ఏం కావాలి?

వెళ్లిపోక తప్పని ఊళ్లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి మాత్రం ఇప్పుడే తేల్చాలి. ఒడిశా కేంద్రపడా జిల్లాలో సాతభాయా అని ఏడు ఊళ్ల సమూహం ఉండేది. చాలావరకు సముద్రంలో కలిసిపోయాయి. మిగిలిన 571 కుటుంబాలకి ప్రభుత్వం బాగపాటియా అనే చోట కాలనీ కట్టించింది. దేశంలో తీరప్రాంతపు కోత బాధితుల్ని ఒక రాష్ట్ర ప్రభుత్వం పథకం ప్రకారం తరలించిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి, ఆ చొరవ మెచ్చుకోదగ్గదే. అయితే ఇచ్చింది ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి కొంత డబ్బు. సాగుభూమి ఇవ్వలేదు. పొలాలు, గేదెలు, చేపలతో బతికిన కుటుంబాల్లోంచి కుర్రవాళ్లు ఇప్పుడు కేరళకి కూలి పనికి వెళ్తున్నారు. ఊరంతా ఒకసారి కదిలింది, కదిలిన ఊళ్లోంచి మళ్లీ ఒక్కొక్కరూ కదులుతున్నారు.

పోలవరం ముంపు గ్రామాల వాళ్లకి ప్యాకేజీ ఇస్తారా లేదా అని ఏళ్ల తరబడి గొడవ నడిచిందంటే, దానికి ఆధారంగా ఒక చట్టం ఉంది కాబట్టి. ప్రాజెక్టు మింగిన ఊరికి హక్కు ఉంది, సముద్రం మింగిన ఊరికి అలాంటి చట్టం లేదు. 15వ ఆర్థిక సంఘం తొలిసారి ఈ లోటు గుర్తించి, నది కోత, తీరం కోత వల్ల ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి 2021–26 ఐదేళ్లకి దేశం మొత్తానికి కలిపి 1,000 కోట్ల రూపాయలు కేటాయించమంది. ఉప్పాడ, సాతభాయా, బ్రహ్మపుత్ర చర్‌లు, సుందర్‌బన్స్ అన్నీ దాన్నే పంచుకోవాలి. ఈసారి ఎక్కడైనా లెక్చర్‌లో ఎర్ర బాణాల మ్యాప్ వేస్తే అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇల్లు పోయిన ఒక్కో కుటుంబానికి ఇందులో ఎంత వస్తుంది, ఇంటితో పాటు సాగుభూమి ఎవరిస్తారు?